పాత సిస్టమ్‌ని పారేసే ముందు

గుంటూరులో కంప్యూటర్ల రిపేరు కొట్టు నడిపినవాణ్ణి. ఇప్పుడు కొట్టు మా అబ్బాయి చూసుకుంటున్నాడు. నేను పొద్దున పూట వెళ్లి, పని నేర్చుకునే కుర్రాళ్లతో కాసేపు కూర్చుని వస్తుంటాను. 2025 అక్టోబరు 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్టు ఆపేసిన దగ్గర్నుంచీ వచ్చేవాళ్లందరిదీ ఒకటే మాట: "ఇది ఇంక పనికిరాదటగా, కొత్తది కొనాల్సిందేనా?" సిస్టమ్ మూత విప్పకుండానే అవుననో కాదనో చెప్పేసేవాణ్ణి నమ్మొద్దు. కుర్రాళ్లకు నేను చెప్పేవే ఇక్కడ వరసగా రాస్తున్నాను.

1. సపోర్టు ఆగితే సిస్టమ్ ఆగిపోదు

విండోస్ 10 అక్టోబరు 13న ఎలా పనిచేసిందో 15న కూడా అలాగే పనిచేసింది. ఆగింది నెలనెలా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు. ఆ తర్వాత బయటపడిన లొసుగులు అలాగే ఉండిపోతాయి, దొంగకు దారి దొరుకుతుంది. ఇళ్లలో వాడేవాళ్లకు ఈఎస్‌యూ పేరుతో 2026 అక్టోబరు 13 దాకా అప్‌డేట్లు ఇస్తామని కంపెనీ ప్రకటించింది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి సెట్టింగుల బ్యాకప్‌కు ఒప్పుకుంటే ఉచితం, లేదంటే 30 డాలర్లు అంది. ఎవరైనా అడిగితే ముందు ఇది చెప్పండి. కొత్త సిస్టమ్ అమ్మే సంగతి ఆ తర్వాత.

2. మోడల్ కంటే ముందు పని అడగండి

నెట్ బ్యాంకింగ్ చేసే సిస్టమ్‌కి అప్‌డేట్లు ఆగితే ఒక్క నెల కూడా ఆలోచించొద్దు, ఏదో ఒక దారి చూడాల్సిందే. పిల్లవాడు పాఠాలు వినడానికో, పెద్దాయన పేపర్లు చదవడానికో అయితే లినక్స్ చాలు. నెట్ కనెక్షనే లేకుండా బిల్లులు మాత్రం కొట్టే సిస్టమ్‌ని కదిలించకపోవడమే మేలు. ఒకే ఏడాది కొన్న మూడు సిస్టమ్‌లకు మూడు రకాల జవాబులు ఉంటాయి. అందుకే తయారైన సంవత్సరం చూసి తీర్పు చెప్పడం మన వృత్తికి పనికిరాదు.

3. స్క్రీన్ కుదరదంటే కుదరదని కాదు

విండోస్ 11కి 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్కు, సెక్యూర్ బూట్, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, కంపెనీ జాబితాలో ఉన్న ప్రాసెసర్ కావాలి. ఇంటెల్‌లో దాదాపుగా 2017లో వచ్చిన ఎనిమిదో తరం నుంచి ఒప్పుకుంటుంది. ఐ5-7400 అని ఉంటే ఏడో తరం, ఐ5-8400 అని ఉంటే ఎనిమిదో తరం. ఇలాంటి నాలుగంకెల నంబర్లలో గీత తర్వాతి అంకె చూస్తే తెలిసిపోతుంది.

ఎనిమిదో తరం సిస్టమ్‌కి కూడా ఒక్కోసారి "ఈ పీసీ పనికిరాదు" అని వస్తుంది. రన్‌లో టీపీఎం డాట్ ఎంఎస్‌సీ కొట్టి చూడండి. టీపీఎం దొరకలేదంటే బయోస్‌లోకి వెళ్లండి. ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ అనీ, ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం అనీ ఉంటుంది. కొన్నప్పటి నుంచీ అది ఆఫ్‌లోనే పడి ఉంటుంది. ఆన్ చేస్తే సరి. విండోస్‌ని లెగసీ మోడ్‌లో ఎక్కించి ఉంటే డిస్కుని ఎంబీఆర్ నుంచి జీపీటీకి మార్చాలి. డేటా తీసి పక్కన పెట్టకుండా మాత్రం అందులో వేలు పెట్టకండి.

4. దొడ్డిదారిలో ఎక్కిస్తే ఆ మాట చెప్పి ఎక్కించండి

రూఫస్ అనే ప్రోగ్రాముతో బూట్ పెన్‌డ్రైవ్ తయారుచేసి ఆరో తరం, ఏడో తరం సిస్టమ్‌లలోనూ విండోస్ 11 ఎక్కించవచ్చు. నడుస్తుంది కూడా. అయితే జాబితాలో లేని సిస్టమ్‌లకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని కంపెనీ ముందే చెప్పింది. కోర్ 2 డ్యుయో రోజుల ప్రాసెసర్లకు ఆ దారీ మూసుకుపోయింది. వాటిలో పాప్‌కౌంట్ అనే ఆదేశం లేదు, అది లేనిదే 24హెచ్2 వెర్షన్ నుంచి విండోస్ 11 బూట్ కాదు. ఇంట్లో సినిమాలు చూసే సిస్టమ్‌కి దొడ్డిదారి పెట్టండి, తప్పులేదు. ఆడిటర్ ఆఫీసు సిస్టమ్‌కి మాత్రం వద్దు.

5. రూపాయి పెట్టాల్సి వస్తే ముందు డిస్కుకు పెట్టించండి

"స్లో అయిపోయింది" అని తెచ్చే సిస్టమ్‌లలో ఎక్కువ వాటికి జబ్బు ప్రాసెసర్‌లో ఉండదు. టాస్క్ మేనేజర్ తెరిస్తే డిస్కు 100 శాతం దగ్గర నిలబడి ఉంటుంది. తిరిగే హార్డ్‌డిస్కు తీసి శాటా ఎస్‌ఎస్‌డీ వేస్తే పదేళ్ల ల్యాప్‌టాప్ కూడా లేచి కూర్చుంటుంది. ర్యామ్ 8 జీబీ చేస్తే ఇంకా మంచిది. 32 బిట్ల విండోస్ 4 జీబీని కూడా పూర్తిగా వాడుకోలేదు. అందుకే అది ఎన్ని బిట్లదో చూడకుండా ర్యామ్ అమ్మకండి.

6. లినక్స్ మంచిదే, మనిషిని చూసి పెట్టండి

కేరళలో ప్రభుత్వ బడుల కంప్యూటర్లు ఏళ్ల తరబడి లినక్స్ మీదే నడుస్తున్నాయి. లినక్స్‌లో మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం పెడితే విండోస్ అలవాటైనవాళ్లు పెద్దగా తడుముకోరు. ముందు పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా నడిపి వైఫై, సౌండ్, ప్రింటర్ మూడూ వాళ్ల ఎదుటే చూపించండి, తర్వాత ఎక్కించండి. 32 బిట్ల సిస్టమ్‌లకు ఇక్కడా రోజులు దగ్గర పడ్డాయి. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13కి 32 బిట్ల ఇన్‌స్టాలర్ లేదు. అది ఉన్న డెబియన్ 12కి ఎల్‌టీఎస్ పేరుతో అప్‌డేట్లు 2028 జూన్ దాకా ఉంటాయి.

ట్యాలీ వాడేవాళ్లకి, టెండర్లకి డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ గుచ్చేవాళ్లకి లినక్స్ అంటగట్టకండి. డీటీపీ వాళ్లకైతే అసలే వద్దు. పెళ్లి కార్డులూ కరపత్రాలూ కొట్టే చోట్ల అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో చేసిన ఫైళ్లు గుట్టలుగా ఉంటాయి. అవి యూనికోడ్ కావు. ఆ ఫాంటు లేనిచోట తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గీతలు కనిపిస్తాయి.

7. పాత ప్రోగ్రాము ఉన్నచోట జాగ్రత్త

ఎరువుల కొట్లోనో మందుల షాపులోనో ఫాక్స్‌ప్రోలో రాయించుకున్న బిల్లింగ్ ప్రోగ్రాము, పక్కన టీవీఎస్ డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు ఇంకా కనిపిస్తాయి. నల్లటి స్క్రీన్ మీద మౌస్ ముట్టుకోకుండా చకచకా బిల్లు కొట్టేస్తాడు గుమస్తా. డాస్ కాలపు 16 బిట్ల ప్రోగ్రాములు 64 బిట్ల విండోస్‌లో నేరుగా నడవవు. విండోస్ 11లో 32 బిట్ల రకమే లేదు. కొత్త సిస్టమ్ అమ్మేసి వస్తే మర్నాడు పొద్దున్నే వాళ్ల కౌంటరు నిలిచిపోతుంది.

ఇలాంటి చోట రెండు దారులు. ఒకటి, వీడాస్ లాంటి డాస్ ఎమ్యులేటర్‌లో ఆ ప్రోగ్రాముని నడిపి, ప్రింటు వస్తోందో లేదో వాళ్ల కొట్లోనే చూసుకోవడం. రెండోది, పాత సిస్టమ్‌ని అలాగే ఉంచి నెట్ వైరు పీకేసి, బయటి పెన్‌డ్రైవ్ పెట్టనీయకపోవడం. ఏ దారిలో వెళ్లినా లెక్కలుండే డీబీఎఫ్ ఫైళ్లు రోజూ కాపీ తీయించండి. వాటిని లిబ్రెఆఫీస్ క్యాల్క్ కూడా తెరుస్తుంది కాబట్టి సిస్టమ్ పోయినా లెక్కలు మిగులుతాయి.

8. ముందు గడియారం, తర్వాత బ్రౌజర్

ఏ సైటు తెరిచినా "మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు" అని వస్తోందంటూ ఫార్మాట్ కొట్టమని తెస్తారు. కింద మూలన తేదీ చూస్తే 2010 జనవరి 1. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే సీఆర్ 2032 బ్యాటరీ అయిపోయింది. తేదీ తప్పితే సైట్ల సర్టిఫికెట్లు చెల్లనివిగా కనిపిస్తాయి. బ్యాటరీ మార్చి టైము సరిచేస్తే చాలు.

తేదీ సరిగ్గానే ఉన్నా సైటు తెరుచుకోకపోతే బ్రౌజర్ సంగతి చూడండి. విండోస్ 7, 8.1లకు క్రోమ్ 2023 మొదట్లోనే 109వ వెర్షన్‌తో ఆగిపోయింది. ఆపరేటింగ్ సిస్టమ్ బూట్ అవుతున్నా బ్రౌజర్ పాతబడితే సైట్లు ఒక్కొక్కటిగా తలుపు మూసేస్తాయి.

9. అప్‌డేట్ వచ్చినా వేయకపోతే రానట్టే

2017 మేలో వన్నాక్రై అనే వైరస్ వచ్చి ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగింది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లకూ అది తగిలింది. ఆ లొసుగుని మూసే అప్‌డేట్ మార్చిలోనే వచ్చేసింది. సపోర్టు బతికి ఉన్న విండోస్ 7 సిస్టమ్‌లు కూడా అది వేసుకోక దెబ్బతిన్నాయి. 2014లోనే సపోర్టు ఆగిన ఎక్స్‌పీకి సైతం అప్పుడు ప్రత్యేకంగా అప్‌డేట్ ఇవ్వాల్సి వచ్చింది. "నెట్ ఖర్చవుతుంది" అని అప్‌డేట్లు ఆపించుకునేవాళ్లకు ఈ సంగతి చెప్పండి.

10. గడువు తేదీ రాసి అతికించండి

రిపేరు చేసి పంపే ప్రతి సిస్టమ్ వెనక ఒక స్టిక్కరు వేయండి. అందులో ఏ ఓఎస్ వేశారో, దానికి అప్‌డేట్లు ఏ తేదీ దాకా వస్తాయో రాయండి. దొడ్డిదారిలో ఎక్కించి ఉంటే అదీ రాయండి. మందు సీసా మీద గడువు చూసి కొనే మనిషికి వేలు పోసి కొన్న సిస్టమ్ గడువు తెలియకపోవడం అన్యాయం. తేదీ తెలిస్తే డబ్బు కూడబెట్టుకుంటాడు, డేటా సర్దుకుంటాడు, తొందరలో మోసపోడు. కొత్తది కొనే రోజు వచ్చినప్పుడు, అవసరం లేని రోజున వద్దని చెప్పిన కొట్టుకే వస్తాడు.