నిరాశ్రయులగు తల్లులును బిడ్డలును: శరణాలయమునుండి సంఘమునకు మార్గము

సంఘసంస్కారమునందు శ్రద్ధగల మనవారిలో దయకుఁ గొఱఁత లేదు. దిక్కులేని స్త్రీకి అన్నము పెట్టుటకును, అనాథశిశువునకు పాలు పోయించుటకును చందా లిచ్చువారు ప్రతిపట్టణమునను గలరు. అయినను ఆ తల్లి శరణాలయమును విడిచి మన వీథిలో ఒక యిల్లు అద్దెకు అడిగినప్పుడును, ఆ బిడ్డ పెద్దవాఁడై మనలో సంబంధము కోరినప్పుడును, చందా యిచ్చిన చేతులే తలుపులు మూయుచున్నవి. కావున ఈ పాఠమునందు మేము విచారింపఁబూనిన ప్రశ్న యిది: రక్షణ మనఁగా నేమి? ఆశ్రయ మిచ్చుటతో అది ముగియునా? లేక ఆశ్రయ మక్కఱలేని స్థితికిఁ దెచ్చువఱకును మన బాధ్యత సాగునా?

1. దోష మెవరిది?

బాల్యమున వైధవ్యము పొంది మోసగింపఁబడిన స్త్రీయు, పెండ్లిమాట నమ్మి విడువఁబడిన కన్యయు, భర్తచేఁ గొట్టఁబడి బిడ్డతో వెడలఁగొట్టఁబడిన యిల్లాలును, దేవదాసీకులమునఁ బుట్టుటయే నేరమైన బాలికయు, ధనాశాపరులచే అమ్మఁబడి విడిపింపఁబడిన యువతియు ఈ విచారమునకు విషయములు. వీరి కథలు వేఱువేఱు. కాని కారణములు పరిశీలించినచో మూడే కనఁబడును: చేతిలో జీవనోపాధి లేకుండుట, తమ హక్కులు తెలియకుండుట, బంధువులు లోకనిందకు వెఱచి విడనాడుట. వీనిలో నొక్కటియు ఆమె స్వభావదోషము కాదు. మూఁడును మన సంఘము చేసిన యేర్పాటులే.

1881వ సంవత్సరమున సూరతుప్రాంతమందు ఒక బ్రాహ్మణవితంతువునకు శిశుహత్యానేరముపై మరణదండనము విధింపఁబడెను. పిమ్మట అది తగ్గింపఁబడెను. ఆ సమయమునఁ బత్రికలన్నియు స్త్రీల నీతిని నిందించుచుండఁగా, తారాబాయి షిండే యను మహారాష్ట్రస్త్రీ 1882న ఒక గ్రంథమును బ్రకటించి, పురుషునకు లేని శిక్ష స్త్రీకేల యని ప్రశ్నించెను. ఆ ప్రశ్నకు మనము నేఁటికిని సరియైన యుత్తర మీయలేదు. శిశువును చంపిన చేయి ఒక్కటియే న్యాయస్థానమునకుఁ గనఁబడినది. ఆమెను ఆ చీఁకటిలోనికిఁ ద్రోసిన చేతులను లెక్కింపవలసినవారము మనము.

2. పూనాపట్టణపు దృష్టాంతము

1863వ సంవత్సరమున జ్యోతిరావు ఫూలేయు, ఆయన భార్య సావిత్రీబాయియు పూనాలో శిశుహత్యానివారణగృహమును స్థాపించిరి. గర్భవతులగు వితంతువులు రహస్యముగా వచ్చి ప్రసవింపవచ్చుననియు, బిడ్డను వెంటఁ దీసికొనిపోవుటయో అచటనే విడుచుటయో తల్లి యిచ్ఛయే యనియు వారు తెలిపిరి. ఇంతటితో నిలిచియుండినచో ఆ కార్యము దయాకార్యములలో నొకటిగా మాత్రమే పరిగణింపఁబడెడిది. కాని ఆ దంపతులు మఱియొక యడుగు వేసిరి. ఒక బ్రాహ్మణవితంతువునకుఁ బుట్టిన బిడ్డను తామే దత్తత చేసికొని యశవంతుఁడని పేరిడిరి. ఆతఁడు విద్యావంతుఁడై వైద్యుఁ డయ్యెను. 1897న పూనాలో ప్లేగువ్యాధి ప్రబలినప్పుడు సావిత్రీబాయి రోగులకు పరిచర్య చేయుచు ఆ వ్యాధిచేతనే మరణించెను. ఆ పరిచర్యలో యశవంతుఁడును ఆమెకుఁ దోడుగా నుండెను. ఏ సంఘము ఆ శిశువు బ్రతుకుట కూడదని తలంచెనో, ఆ సంఘమువారి ప్రాణములనే ఆతఁడు కాపాడఁజూచెను.

ఇందలి ముఖ్యాంశము దత్తత కాదు. ఆ బిడ్డను పోషించినవారు అతనిని తమ యింటిపేరునకును, పంక్తికిని, ఆస్తికిని వెలిగా నుంచలేదు, ఇదియే ముఖ్యము.

3. రాజమహేంద్రవరమున నేర్చుకొనినది

మన యాంధ్రదేశమున 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదిని కందుకూరి వీరేశలింగముపంతులుగారు రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహము జరిపించిరి. వివాహము ఒక్కరాత్రి పని. తరువాతి దినములే కష్టమైనవి. కులమువారు బహిష్కరించిరి. వంటవారును నీళ్లు తెచ్చువారును మానివేసిరి. పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు గోదావరినుండి స్వయముగా నీళ్లు మోసికొనివచ్చి వంట చేసి ఆ యింటిని నిలిపిరి. క్రొత్తదంపతులకు కాపుర ముండుటకు చోటును, బ్రతుకుటకు ఆధారమును, పండుగకుఁ బిలుచు చుట్టములును అన్నియుఁ గల్పింపవలసివచ్చెను. కాకినాడవాసులగు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి. 1906న పంతులుగారు తమ యాస్తిని హితకారిణీసమాజమునకు అర్పించి, వితంతుశరణాలయాదులకు శాశ్వతాధారము చేసిరి.

దీనివలన మనకుఁ దెలియున దేమనఁగా: చట్టము అనుమతి మాత్రమే యిచ్చును. 1856వ సంవత్సరపు చట్టము వితంతువివాహమును న్యాయసమ్మతము చేసినను, ఇరువదియైదు సంవత్సరములవఱకు మన మండలమున ఆ చట్టము కాగితముగానే యుండెను. నీళ్లు మోయుటకు ఒక గృహిణి సిద్ధపడినప్పుడే అది ఆచారమగుటకుఁ బ్రారంభించెను.

4. చేతిపని, చదువు

డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు దేవదాసీప్రథను నిర్మూలింపఁ బ్రయత్నించుచుండఁగా, ఆ కులపు బాలికలను మదరాసులోని వసతిగృహములు చేర్చుకొనలేదు. అంతట 1930 ప్రాంతమున ఆమె తన యింటనే వారికి చోటిచ్చెను. అదియే అవ్వై యాశ్రమమునకు మూలము. ఆంధ్రవనితయగు యామినీ పూర్ణతిలకముగారు ఆ నగరముననే హిందూయువతీశరణాలయమును నడిపిరి. 1937న దుర్గాబాయిగారు మదరాసులో స్థాపించిన ఆంధ్రమహిళాసభ ముఖ్యముగా విద్య నొసఁగెను. పిదప 1953న ఏర్పడిన కేంద్ర సాంఘికసంక్షేమమండలికి ఆమె మొదటి యధ్యక్షురాలయ్యెను. చిన్ననాఁడు చదువు మానిపింపఁబడిన స్త్రీలు స్వల్పకాలములోనే పరీక్షకుఁ గూర్చుండునట్లు 1958న సంక్షిప్తవిద్యాపద్ధతి యేర్పడెను. తానును బాల్యవివాహబంధమునుండి విడివడి చదివినది గనుక, ఏ వయస్సున ఎక్కడ చదువు తెగినదో అక్కడనే ముడివేయవలెనని ఆమె యెఱిఁగియుండెను.

శరణాలయములలో నేర్పు పనులు పలుచోట్ల ప్రదర్శనమునకు మాత్రమే పనికివచ్చుచున్నవి. లేసులల్లుట నేర్పి, ఆ లేసు కొనువారు లేనిచోటికి స్త్రీని పంపుట రక్షణము కాదు. నేర్పుటకు ముందే ఆ యూరిలో ఏ పనికిఁ గూలి దొరకునో, ఎవరు పని యిత్తురో విచారింపవలెను. ఆమె పని చేయుచుండఁగా బిడ్డను చూచువారు లేనిచో ఏ విద్యయు నిలువదు. కావున శిశుశాల లేని పనిశాల సగము కట్టిన వంతెన వంటిది.

5. తల్లిని బిడ్డను విడఁదీయరాదు

దయాళువులు తఱచుగాఁ జేయు సలహా యొకటి కలదు: “బిడ్డను ఎక్కడనైన విడిచిపెట్టుము, నీ బ్రతుకు నీవు దిద్దుకొనుము.” దీనిని మేము అంగీకరింపము. తల్లి తానుగా, తెలిసి, తొందర లేక నిర్ణయించినప్పుడు తప్ప ఈ వియోగము ఇద్దరికిని గాయమే. 2015వ సంవత్సరపు బాలన్యాయచట్టము సయితము ఈ సంగతి గుర్తించినది. బిడ్డను అప్పగింపఁగోరు తల్లి బాలలసంక్షేమసమితి యెదుట పత్రము వ్రాసి యిచ్చిన పిమ్మటఁగూడ, మనస్సు మార్చుకొనుటకు ఆమెకు రెండుమాసముల గడువు కలదు. ఈ గడువును ఆమెకు తెలియఁజెప్పుట మన విధి.

న్యాయవాదవృత్తియందున్న మాకు తఱచుగాఁ గానవచ్చుచున్నది, హక్కు లేమి గాక హక్కు తెలియమియే. అవివాహితయగు తల్లి తండ్రిపేరు చెప్పకయే తన బిడ్డకు సంరక్షకురాలు కావచ్చుననియు, అట్టి తల్లి ప్రమాణపత్ర మిచ్చిన జన్మపత్రము నిరాకరింపఁగూడదనియు అత్యున్నతన్యాయస్థానము 2015న తీర్పు చెప్పినది. వివాహములేక పుట్టిన బిడ్డకును తండ్రినుండి పోషణవ్యయము రాఁబట్టు మార్గము 1898వ సంవత్సరపు శిక్షాస్మృతివిధానముననే యుండెను; 1973వ సంవత్సరపు విధానమున 125వ విభాగముగా నిలిచి, 2024 జూలై 1వ తేది నుండి నాగరికసురక్షాసంహితయందు 144వ విభాగముగా నున్నది. పెండ్లియీడు వచ్చినవారికి కులము నడుగని వివాహపద్ధతి 1872న బ్రాహ్మసమాజమువారి ప్రయత్నముచేతనే మొదట లభించినది. 1954వ సంవత్సరపు ప్రత్యేకవివాహచట్టము దానిని మతభేదము లేక యెల్లరకును విస్తరింపఁజేసినది.

6. మనము చేయవలసినది

మొదటిది. ఆపదలోనున్న స్త్రీకి 181 అను సంఖ్యయు, శిశువునకు 1098 అను సంఖ్యయు ప్రభుత్వసహాయమును బిలుచునని మన యింటి పనివారికిని, పాఠశాలలకును దెలుపుదము.

రెండవది. శరణాలయమునకుఁ జందా యిచ్చువారు సంవత్సరాంతమున ఎందఱు చేరిరని మాత్రమే యడుగక, ఎందఱు వెడలి సొంతకాళ్లపై నిలిచిరని యడుగుదురు గాక. చేరినవారి సంఖ్య దుఃఖమునకు కొలఁత. నిలిచినవారి సంఖ్యయే సేవకు కొలఁత.

మూఁడవది. తల్లికిఁ బుట్టినింటివా రున్నచో వారితో సంధి కుదుర్చుటకుఁ బ్రయత్నింపవలెను. పెద్దలు ఒక్కసారి వెళ్లి కోపింపక, మరల మరల వెళ్లవలెను. అట్లని ఆమెను హింసించినవారి చేతికే అప్పగించుట సంధి కాదు.

నాలుగవది. మనలో ఇండ్లున్నవారు ఇల్లును, కార్యస్థానము లున్నవారు పనిని, బిడ్డలున్నవారు పంక్తిని ఈయవలెను. పాఠశాలలో ఆ బిడ్డను తండ్రిపేరు నలుగురిలో నడుగరాదు. ఆ తల్లి పూర్వకథను కుతూహలముచేత నడుగరాదు, సభలలోఁ జెప్పింపరాదు.

మనము ప్రతివారమును ఒకే తండ్రికి బిడ్డల మని ప్రార్థించుచున్నాము. ఆ మాట సత్యమైనచో తండ్రిలేని బిడ్డ లోకమున లేఁడు. ఈ సత్యము ప్రార్థనామందిరమున నిలుచుట సులభము. మన భోజనశాలలో విస్తరి వేయునప్పుడు, మన యింటి పెండ్లిపిలుపులు వ్రాయునప్పుడు, మన ప్రక్కయింటికి అద్దెదారు వచ్చునప్పుడు అది నిలుచునా యని ప్రతివారును దమ్ముఁ దాము పరీక్షించుకొందురు గాక.