పాత స్కూలు బస్సు కొంటున్నారా? ముందు కాగితం, తర్వాత అడుగు, ఆఖరున ఇంజను

ఊడ్పులు, కోతలు, మినుము తీత, రొయ్యల పట్టుబడి. ఈ నాలుగింటికీ మన దిగువ డెల్టాలో కూలీలు ఊళ్లు దాటి రావాల్సిందే. బందరు మండలం నుంచి బంటుమిల్లి వైపు, గుడివాడ పల్లెల నుంచి చెరువుల మీదికి, దివిసీమలో ఒక లంక నుంచి ఇంకో ఊరికి ముఠాలు కదులుతూనే ఉంటాయి. వాళ్లు వచ్చేది ఆటోల్లో కిక్కిరిసి, లేదంటే ట్రాక్టరు ట్రక్కుల్లో. ట్రక్కు కాలువలోకి ఒరిగితే ఏం జరుగుతుందో మనకి కొత్తగా చెప్పక్కర్లేదు. ట్రాక్టరు ట్రక్కులో మనుషుల్ని ఎక్కించడం నిబంధనలకు విరుద్ధం. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ చెయ్యి ఎత్తేస్తుంది, ఆ కుటుంబాల భారం రైతు మీద పడుతుంది.

అందుకే నలుగురైదుగురు రైతులు కలిసి, లేదా సంఘం పేరుమీద, ఓ పాత స్కూలు బస్సు కొని కూలీల బండిగా మార్చుకుందామన్న ఆలోచన వస్తోంది. ఆలోచన మంచిదే. అయితే పసుపు రంగు చూసి, కిలోమీటర్ల మీటరు చూసి బయానా ఇచ్చేస్తే ఆ డబ్బు చెరువులో పోసినట్టే. ఏ వరసలో చూసుకోవాలో ఈ వారం తెలుసుకుందాం.

దేనికి మారుస్తారో ముందు తేల్చుకోండి

బస్సును మూడు రకాల పనులకు వాడాలనుకుంటారు. మూడింటికీ చట్టం ఒకటే మాట చెప్పదు.

మొదటిది, మన పనికి మన కూలీలను తీసుకెళ్లడం. డ్రైవరు కాక ఆరుగురికి మించి కూర్చునే బండిని యజమాని తన వ్యాపారం పనిమీద, కిరాయి తీసుకోకుండా మనుషుల్ని చేరవేయడానికి వాడితే దాన్ని మోటారు వాహనాల చట్టంలో 'ప్రైవేట్ సర్వీస్ వెహికల్' అంటారు. దీనికి వేరే పర్మిట్ ఉంది. బస్సు బస్సుగానే ఉంటుంది గనుక మూడింటిలో ఇదే తేలిక దారి. కానీ పక్క రైతు దగ్గర రోజుకింత అని కిరాయి పుచ్చుకున్నారా, అది కాంట్రాక్టు క్యారేజీ కిందికి వస్తుంది. పర్మిట్ వేరు, పన్ను వేరు. నలుగురు కలిసి కొనేటప్పుడు బండి ఎవరి పేరున ఉండాలి, డీజిలు డబ్బు ఎలా పంచుకోవాలి అన్నది కూడా రవాణా కార్యాలయంలో ముందే అడగండి.

రెండోది, సీట్లు పీకేసి మేత బస్తాలు, రొయ్యల ట్రేలు వేసే సరుకు బండిగా మార్చడం. ఇక్కడ ఆగండి. చట్టంలోని 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. రాతపూర్వకంగా అనుమతి చేతికి రానిదే గ్యాస్ కటింగ్ మొదలుపెట్టవద్దు. సరుకే ముఖ్యమైతే పాత సరుకు బండి చూసుకోవడం మేలు.

మూడోది, బస్సు పెట్టెను చెరువు గట్టుమీద కాపలా గదిగానో, మేత కొట్టుగానో నిలబెట్టడం. ఇంకెప్పుడూ రోడ్డెక్కని బండి అయితే ఆ సంగతి 14 రోజుల్లో తెలియజేసి రిజిస్ట్రేషన్ రద్దు చేయించాలి. లేకపోతే బండి కదలకపోయినా పన్ను బాకీ కదులుతూనే ఉంటుంది. ఇంకో రెండు మాటలు. ఏరియేటర్ల కరెంటు వైర్లు ఇనుప పెట్టెను తాకకుండా దూరంగా పోనిచ్చి, పెట్టెకు ఎర్తింగ్ తప్పక చేయించండి. తుపాను హెచ్చరిక వస్తే అందులో మనిషిని పడుకోనివ్వద్దు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమను ఏం చేసిందో పెద్దవాళ్లకు తెలుసు. ఆ గాలి ముందు బస్సు పెట్టె ఎంత?

కాగితాలు

బండి దగ్గరికి వెళ్లేముందు నంబరు అడిగి తీసుకోండి. పరివాహన్‌లో చూస్తే తయారైన సంవత్సరం, ఫిట్‌నెస్ గడువు, బీమా, ఫైనాన్స్ బాకీ తెలుస్తాయి. చలానాలు కూడా అక్కడే చూసుకోవచ్చు. ఆ తర్వాత అసలు కాగితాలు చేతిలోకి తీసుకుని ఇవి సరిచూడండి.

ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు ఆర్‌సీలో ఉన్నట్టే బండి మీద ఉన్నాయా? తుప్పు గోకి మరీ చదవండి. ఒక్క అంకె తేడా ఉన్నా వెనక్కి వచ్చేయండి.

యజమాని ఎవరు? స్కూలు బస్సు తరచు సొసైటీ పేరునో ట్రస్టు పేరునో ఉంటుంది. కరస్పాండెంట్ ఒక్కరు సంతకం పెడితే చాలదు. అమ్మకానికి సొసైటీ చేసిన తీర్మానం కాపీ అడగండి.

ఫైనాన్స్ బాకీ తీరితే ఫారం 35, కంపెనీ ఇచ్చిన నిరభ్యంతర పత్రం ఉండాలి. పేరు మార్పుకు 29, 30 ఫారాలు. అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో తెలియజేయాలి. తెలంగాణ బండి అయితే ఫారం 28 నిరభ్యంతర పత్రం తెచ్చుకుని ఇక్కడ కొత్త నంబరు వేయించాలి, పన్నూ కట్టాలి. ఆ ఖర్చు కలపకుండా 'హైదరాబాదులో చవక' అనుకోవద్దు.

ఫిట్‌నెస్ 8 ఏళ్లలోపు బండికి రెండేళ్లకోసారి, 8 దాటితే ఏటా చేయించాలి. 15 ఏళ్లు దాటిన రవాణా బండ్లకు ఈ రుసుము 2022 ఏప్రిల్ నుంచి బాగా పెరిగింది. అందుకని 12, 13 ఏళ్ల బండిని కొనేవారు ఇంకెన్నేళ్లు వాడతారో ముందే లెక్క వేసుకోవాలి. స్కూలు బస్సుకు పన్ను రేటు వేరు. తరగతి మారాక మీకూ అదే రేటు ఉంటుందనుకుంటే పొరపాటే.

అడుగు చూడండి

కాగితాలు బాగున్నాయి. ఇక బండి. మెకానిక్కును వెంట తీసుకెళ్లండి, ఒక సుత్తి, స్క్రూడ్రైవరు, టార్చిలైటు, కూర్చునేందుకు గోనె సంచి పట్టుకెళ్లండి. ఇంజను జోలికి పోకుండా ముందు బండి కిందికి దూరండి.

ఎందుకంటే ఇంజను చెడితే విప్పి బాగుచేయవచ్చు. విజయవాడ ఆటోనగర్‌లో దొరకని సామాను లేదు. ఛాసిస్ తుప్పు తింటే మాత్రం మందు లేదు. మన తీరాన ఉప్పుగాలి ఇనుమును లోలోపల తినేస్తుంది. గిలకలదిండి వైపో, నాగాయలంక వైపో ఏళ్ల తరబడి ఆరుబయట నిలిచిన బస్సూ, గుడివాడ లోపలి పల్లెలో షెడ్డులో ఉన్న బస్సూ ఒకే ఏడాది తయారైనా ఒక్కటి కావు.

రెండు పొడుగు దూలాలు, వాటి మధ్య అడ్డ కమ్మీలు సుత్తితో తట్టండి. ఖంగుమంటే గట్టిది. డొల్ల మోత వచ్చినా, పెచ్చులు రాలినా అనుమానించండి. వెల్డింగు అతుకులు ఉన్నాయేమో చూడండి. పొడుగు దూలానికి అతుకు ఉంటే ఆ బేరం వదిలేయండి. అడుగంతా కొత్తగా నల్లరంగు పూసి ఉంటే సంతోషించకండి, దాని కింద ఏముందో స్క్రూడ్రైవరుతో గోకి చూడండి.

తర్వాత మెట్ల దగ్గర, చక్రాల పైన, కిటికీ కమ్మీల మొదళ్లలో పొడిచి చూడండి. స్క్రూడ్రైవరు దిగిందంటే ఆ మేర రేకు మార్చాల్సిందే. లోపల మ్యాట్ ఎత్తి ప్లైవుడ్ చూడండి. మెత్తబడి ఉంటే వాన నీరు కారుతున్నట్టు. కమాను పట్టీలు విరిగాయా, బండి ఒక పక్కకు ఒరిగిందా అన్నది ఎదురుగా నిలబడి చూస్తే తెలుస్తుంది.

మునిగిన బండి కాదు కదా?

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతంలో ఎన్నో బండ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అలాంటివి కడిగి, రంగు వేసి బేరానికి వస్తే పై చూపుకు తెలియదు. సీటు బోల్టుల సందుల్లో, ఫ్యూజుల పెట్టెలో, లైట్ల అద్దాల లోపల ఎండిన బురద గీత ఉందేమో చూడండి. గేరుబాక్సు, వెనక హౌసింగు ఆయిలు పాలలా తెల్లబడితే నీళ్లు చేరినట్టే. తలుపులు మూసి పది నిమిషాలు లోపల కూర్చోండి. బూజు వాసన దాచడం కష్టం.

తక్కువ కిలోమీటర్ల మాయ

స్కూలు బస్సు రోజూ తిరిగేది తక్కువ. పైగా 2020 మార్చి నుంచి కరోనా వల్ల బడులు మూతపడి బస్సులు నెలల తరబడి కదల్లేదు. ఆనాటి బండ్లలో మీటరు తక్కువ చూపించడం సహజం. అది మంచి లక్షణం అనుకోవద్దు. నిలిచిన బండికి టైర్లు గట్టిపడి పగుళ్లిస్తాయి, బ్రేకు రబ్బర్లు బిగుస్తాయి, డీజిలు ట్యాంకు లోపల తుప్పు పడుతుంది. టైరు పక్కన నాలుగంకెల గుర్తు చూడండి. 2318 అని ఉంటే 2018లో 23వ వారం తయారైనదని అర్థం. గుండీలు ఎంత లోతున్నా ఏడెనిమిదేళ్ల టైరును కొత్త టైరు ఖర్చుగానే లెక్కించండి.

ఇప్పుడు ఇంజను

పొద్దున్నే వస్తామని, అప్పటిదాకా స్టార్టు చేయవద్దని ముందే చెప్పండి. వెళ్లగానే ఇంజను మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే మీకోసం ముందే వేడెక్కించారని గ్రహించండి.

చల్లని ఇంజను స్టార్టయ్యాక కాసేపు తెల్లపొగ రావచ్చు. వేడెక్కినా నీలిపొగ ఆగకపోతే ఆయిలు కాలుతోంది. తెల్లపొగ ఆగకపోతే, రేడియేటరు నీళ్ల మీద నూనె తేలితే, హెడ్డు గాస్కెట్ అనుమానం. ఆయిలు పోసే మూత తీసినప్పుడు పొగ బుసలు కొడితే పిస్టను రింగులు అరిగినట్టు.

గాలి బ్రేకుల బండికి ముల్లు నిండేదాకా ఇంజను నడిపి, ఆపేసి, రెండు నిమిషాలు పెడల్ తొక్కి పట్టండి. ముల్లు దిగుతూ పోతున్నా, బుస్సుమని వినిపించినా లీకు ఉంది. గాలి ట్యాంకు కింద వాల్వు తిప్పితే నీళ్లతోపాటు నూనె కూడా వస్తే కంప్రెసరు పని అయిపోవచ్చింది.

2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 బండి అయితే పొగ శుభ్రపరిచే సామాను, సెన్సర్లు ఎక్కువ. డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక లైట్లు వెలిగి ఆరుతున్నాయా చూడండి. మీకు దగ్గరలో దాన్ని కంప్యూటరు పెట్టి చూడగల మెకానిక్కు ఉన్నాడా అన్నది కూడా ఆలోచించండి.

మీ దారిలో పడుతుందా?

బేరం కుదరకముందే టేపు పట్టుకుని మీ పొలం దారిన ఒకసారి నడవండి. డ్రెయిను మీద వంతెన వెడల్పు ఎంత? కాలువ గట్టు ఎక్కే ర్యాంపు దగ్గర బస్సు తోక నేలకు రాసుకుంటుందా? చివర్న తిరగడానికి చోటుందా? నల్లరేగడి గట్టు వానకు తడిస్తే పెద్ద బస్సు బరువుకు అంచు జారుతుంది. చాలా ఊళ్లకు మినీ బస్సే నయం. మొత్తం బరువు 7,500 కిలోలు మించని బండిని లైట్ మోటార్ వెహికల్ లైసెన్సుతో నడపవచ్చని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు తేల్చింది. అంతకు మించితే హెవీ లైసెన్సు డ్రైవరు కావాలి.

సీట్ల లెక్కా చూడండి. ముగ్గురు పిల్లల బల్లలు 13 ఉంటే 39 సీట్లు అంటారు. అదే బల్ల మీద పెద్దవాళ్లు ఇద్దరే. అంటే 26 మంది. సీట్లు మార్చినా, రంగు మార్చినా ఆర్‌సీలో రాయించాలి. అత్యవసర తలుపుకు అడ్డంగా సీటు వేయనివ్వద్దు. ఆ తలుపు ఉన్నదే బండి ఒరిగిన రోజు కోసం. తడి వలలు, ఉప్పునీళ్లు కారే ట్రేలు లోపల వేస్తే మీ బస్సుకు మీరే తుప్పు మందు పోసినట్టు.

ఆఖరి లెక్క

ఊరికే లెక్క కోసం, బండి 4 లక్షలు, పేరు మార్పు, టైర్లు, బ్యాటరీ, రేకు పని, సీట్లు కలిపి ఇంకో 2 లక్షలు అనుకోండి. మొత్తం 6 లక్షలు. ఏడాదికి 120 రోజులు చొప్పున అయిదేళ్లు తిరిగితే 600 రోజులు. రోజుకు వెయ్యి రూపాయలు బండికే పడింది. దీనికి డీజిలు, డ్రైవరు, పన్ను, బీమా కలిపి, మీ ఊళ్లో బండి రోజు కిరాయితో పోల్చండి. కిరాయే తక్కువైతే కొనవద్దు. పని రోజులు ఎక్కువుంటేనే సొంత బస్సు గిట్టుతుంది.

గిట్టుతుందని తేలితే బీమా కంపెనీకి బస్సు దేనికి వాడతారో ఉన్నదున్నట్టు చెప్పి, ఎక్కే కూలీలందరికీ వర్తించేలా రాయించుకోండి. ఆ పత్రం, మారిన ఆర్‌సీ, పర్మిట్ మూడూ చేతికొచ్చాకే మొదటి ముఠాను ఎక్కించండి. ఊడ్పులు ముంచుకొస్తున్నాయని ఒక్కరోజు ముందు కూడా తీయకండి. తెల్లారుజామున పిల్లల్ని ఇంట్లో వదిలి మన చేనుకు వచ్చేవాళ్లు సాయంత్రం క్షేమంగా ఇల్లు చేరాలనే కదా ఈ బస్సు కొంటున్నది.