మన వంతు బెల్లం ఆపొద్దు

చిరంజీవి మనవడికి,


ఈసారి పీర్ల పండక్కి మన ఇంటి వంతు బియ్యం, బెల్లం ఇవ్వొద్దని మీ అమ్మతో అన్నావట. ఇవన్నీ ఖురాన్‌లో ఎక్కడున్నాయని అడిగావట. అడగాల్సిన మాటే. నువ్వు అర్థం తెలుసుకుని చదువుతున్నందుకు నాకు సంతోషంగా ఉంది.

సజ్దా అల్లాహ్‌కే. కోరుకునేదీ ఆయన్నే. ఇందులో నీ మాట సరైనది, వెనక్కి తగ్గకు. కానీ పండగంటే పీర్లకు మొక్కడం ఒక్కటే కాదు నాయనా. హిజ్రీ 61లో కర్బలాలో, పక్కనే యూఫ్రటీస్ పారుతున్నా, ఇమామ్ హుసేన్ గుడారాల్లోని పసిపిల్లలకు గుక్కెడు నీళ్లు దక్కనివ్వలేదు. అందుకే మొహర్రంలో దారిన పోయేవాళ్లను పిలిచి మరీ పానకం పోస్తారు. మన పీర్ల చావిడి దగ్గర నువ్వూ చూశావు. బెల్లం నలగ్గొట్టి బానలో కలిపి, మిరియాలు, యాలకులు దంచి వేస్తారు. ఫాతెహా చదివాక చెంబులతో పోస్తుంటే రెడ్ల పిల్లలు, ఎస్సీ కాలనీ పిల్లలు ఒకే వరసలో నిలబడతారు. తక్కిన రోజుల్లో మన ఊళ్లో ఆ వరస ఎక్కడా కనపడదు.

మాఊన్ సూరా మళ్లీ చదువు. ఏడే ఆయతులు. అనాథను గెంటేసేవాణ్ణి, పేదకు అన్నం పెట్టమని చెప్పనివాణ్ణి అల్లాహ్ ఎట్లా నిలదీశాడో చూడు. నమాజు చేస్తూ చిన్న సాయానికి కూడా చెయ్యి రానివాళ్లనూ వదల్లేదు. నిసా సూరాలో అయినవాడైనా పరాయివాడైనా పొరుగువాడికి మేలు చేయమని ఉంది. మీ జేజికి చదువు రాదు. అయినా ఫిత్రా గింజలు ఈద్ నమాజుకు ముందే కొలిచి పంపేది. బక్రీదు మాంసం మూడు వాటాలు వేస్తే పేదల వాటా ముందు తీసేది. ఆమెకు ఖురాన్ చేరింది ఈ ఆనవాయితీల్లోంచే.

అనంతపురం జిల్లా గూగూడులో పీరుగా కొలిచే కుళ్లాయిస్వామికి మొక్కుకుని, బిడ్డకు కుళ్లాయప్ప అని పేరు పెట్టుకునే హిందువులు ఎందరో. హుసేన్ పేరు మీద మన గడప దాకా వచ్చినవాళ్లను పెడసరి మాటతో వెనక్కి పంపొద్దు.

ఒక్క జాగ్రత్త. ఈ ఖర్చు జకాత్‌లోంచి తీయకు. నూటికి రెండున్నర చొప్పున తీసే ఆ సొమ్ము ఎవరికి చేరాలో తౌబా సూరాలో ఎనిమిది రకాలవాళ్లను చెప్పారు. పానకం లెక్క వేరు.

పండగలో నిప్పుల గుండం తొక్కడం ఇష్టం లేకపోతే తొక్కొద్దు, నేనూ తొక్కను. సెలవు దొరికితే రా, బానల దగ్గర మనిషి కావాలి. రాలేకపోతే మీ అమ్మకు ఫోన్ చేసి మన వంతు ఇవ్వమని చెప్పు. తాత చెప్పాడని కాదు, నీ మాటగానే చెప్పు.

నీ తాత