ఐఫోన్ ఫోటో అప్‌లోడ్ అవ్వట్లేదా? హెచ్ఈఐసీని జేపీజీగా మార్చే ముందు ఇది చూడండి

తాండూరులో నాపరాళ్లు అమ్మే వ్యక్తి ఒక రాయికి ఫోటో తీసి కొనేవాళ్లకి వాట్సాప్‌లో పంపాడనుకోండి. క్లారిటీ తగ్గకూడదని ఫోటోలా కాకుండా 'డాక్యుమెంట్'గా పంపాడు. తీసింది ఐఫోన్‌తో. అవతలివాళ్ల పాత విండోస్ కంప్యూటర్‌లో ఆ ఫైల్ ఓపెన్ కాదు. ఇక్కడ అడ్డం పడేది ఫైల్ పేరు చివర ఉండే .heic అనే నాలుగు అక్షరాలు. వికారాబాద్ నెట్ సెంటర్‌లో ఉద్యోగం అప్లికేషన్ నింపేవాళ్లకీ ఇదే తిప్పలు: చివరి తేదీ రోజు సాయంత్రం కేబుల్‌తో ఫోటో కాపీ చేస్తారు, ఫారం మాత్రం జేపీజీ తప్ప ఇంకేదీ తీసుకోదు.

2017లో ఐఓఎస్ 11తో యాపిల్ ఈ ఫార్మాట్‌ని తెచ్చింది. ఐఫోన్ 7 నుంచి కెమెరా మామూలుగా ఇందులోనే సేవ్ చేస్తుంది. కారణం సింపుల్: దాదాపు అదే క్వాలిటీ, జేపీజీతో పోలిస్తే సగం సైజు. ఫార్మాట్ చెడ్డది కాదు, అవతలి సాఫ్ట్‌వేర్‌కి దాన్ని చదవడం రాకపోవడమే సమస్య. వెబ్‌సైట్ల నుంచి సేవ్ చేసిన వెబ్‌పీ, ఏవీఐఎఫ్ బొమ్మల సంగతీ అంతే.

చాలామంది మొదట చేసే పని పేరు మార్చడం. .heic తీసేసి .jpg అని పెడతారు. దీనివల్ల ఏమీ మారదు. డబ్బా మీద చక్కెర అని రాస్తే లోపలి ఉప్పు తియ్యగా అవుతుందా? 2020 మే నెలలో అమెరికాలో ఏపీ పరీక్షలు ఆన్‌లైన్‌లో పెట్టినప్పుడు, చేతిరాత జవాబుల్ని ఐఫోన్‌తో ఫోటో తీసిన కొందరు విద్యార్థులు ఇక్కడే ఇరుక్కున్నారు. పోర్టల్ హెచ్ఈఐసీని తీసుకోలేదు. పేరు మార్చి పంపినా లాభం లేకపోయింది. టైమ్ అయిపోయినవాళ్లకి జూన్‌లో మళ్లీ పరీక్ష రాసే దారి చూపించారు.

మరి ఎలా మార్చాలి? గూగుల్‌లో 'హెచ్ఈఐసీ టు జేపీజీ' అని కొడితే బోలెడు ఫ్రీ సైట్లు వస్తాయి. ఫైల్ పడేసి, కన్వర్ట్ నొక్కి, డౌన్‌లోడ్ చేసుకోవడమే. అసలు పాయింట్ ఏంటంటే, వీటిలో చాలావరకు మీ ఫోటోని వాళ్ల సర్వర్‌కి పంపించుకుని అక్కడ మారుస్తాయి. నాపరాయి ఫోటో అయితే పోయేదేమీ లేదు. ఆధార్ కార్డు, పట్టాదారు పాస్‌బుక్, సంతకం అయితే మాత్రం నేనైతే అస్సలు ఎక్కించను. పైగా ఫోటో లోపల లొకేషన్ కూడా ఉండొచ్చు. అనంతగిరి కొండల మీద తీసిందైతే సరే, ఇంట్లో తీసిందైతే అది మీ ఇంటి అడ్రసే. ఫ్రీ కన్వర్టర్ల పేరుతో మాల్‌వేర్ అంటగడుతున్నారని 2025 మార్చిలో ఎఫ్‌బీఐ డెన్వర్ ఆఫీసు హెచ్చరించింది కూడా. జేపీజీ అడిగితే .exe డౌన్‌లోడ్ అయిందా, వెంటనే డిలీట్ చేసేయండి.

అన్ని సైట్లూ అలాంటివి కావు. కొన్ని మీ బ్రౌజర్‌లోనే పని పూర్తి చేస్తాయి, ఫోటో బయటికి వెళ్లదు. గూగుల్ క్రోమ్ టీమ్ చేసిన స్క్వూష్ అలాంటిదే. వెబ్‌పీ, ఏవీఐఎఫ్‌లకి బాగా పనికొస్తుంది. ఫోటో ఎక్కడికీ పంపడం లేదని ఏ సైట్ అయినా చెప్పుకుంటే, ముందు ఏదైనా పనికిరాని ఫోటోతో చెక్ చేయండి: పేజీ మొత్తం లోడ్ అయ్యాక నెట్ ఆపేసి కన్వర్ట్ చేయండి. అయితే ఓకే. ఆగిపోయిందంటే సర్వర్ కావాలన్నమాట.

ఐఫోన్ చేతిలో ఉంటే సైటే అక్కర్లేదు. ఫోటోని ఫైల్స్ యాప్‌లోకి సేవ్ చేసి, దాని మీద వేలు నొక్కి పట్టుకుని, క్విక్ యాక్షన్స్‌లో 'కన్వర్ట్ ఇమేజ్' ఎంచుకోండి. ఐఓఎస్ 16 నుంచి ఇది ఉంది. జేపీఈజీ పెట్టి, సైజు కూడా అక్కడే తగ్గించుకోవచ్చు. జేపీఈజీ, జేపీజీ రెండూ ఒకటేనండీ, కంగారు పడకండి. ఇకముందు తీసేవన్నీ జేపీజీలోనే రావాలంటే సెట్టింగ్స్‌లో కెమెరా, అందులో ఫార్మాట్స్‌కి వెళ్లి 'మోస్ట్ కంపాటిబుల్' పెట్టండి. పాత ఫోటోలు మాత్రం మారవు, స్టోరేజ్ కూడా కాస్త ఎక్కువ తింటుంది. వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా కాకుండా మామూలు ఫోటోగా పంపుకున్నా జేపీజీ అవుతుంది గానీ క్లారిటీ తగ్గుతుంది. పాస్‌బుక్ మీద సన్నటి అంకెలు చదవలేకపోతే ఫారం మళ్లీ తిరిగొస్తుంది.

ఇంకో చిన్న విషయం. బ్యాక్‌గ్రౌండ్ లేని లోగో లాంటివి జేపీజీగా మారిస్తే వెనక తెలుపో నలుపో వచ్చేస్తుంది, జేపీజీలో ట్రాన్స్‌పరెన్సీ ఉండదు. వాటికి పీఎన్‌జీ ఎంచుకోండి. ఏది మార్చినా, ఫారం సబ్మిట్ అయ్యి ప్రింట్ చేతికి వచ్చేదాకా ఒరిజినల్ ఫైల్ డిలీట్ చేయకండి.