సాఫ్ట్‌వేర్ కంటే ముందు ఆరు రంగు సీసాలు

కల్వకుర్తి బస్టాండు దగ్గర ఓ పది నిమిషాలు నిలబడి, ఎదురుగా ఉన్న ఫ్లెక్సీలను చదివి చూడండి. పుట్టినరోజు శుభాకాంక్షలు, కోచింగ్ సెంటరు, కొత్తగా తెరిచిన బట్టల దుకాణం. కొన్నింటి మీది పేరు రోడ్డు అవతలి నుంచే తెలుస్తుంది. కొన్నింటి మీద అక్షరాలు ఎంత పెద్దవైనా కళ్లు చిట్లించాల్సిందే. ముదురు నీలం మీద ఎర్రటి అక్షరాలు వేసినచోట ఈ ఇబ్బంది ఎక్కువ. రెండూ మంచి రంగులే. కానీ రెండింటి ముదురుదనం దగ్గర దగ్గరగా ఉండటంతో అక్షరం అంచు కంటికి ఆనదు. అదే నలుపు మీద పసుపు వేస్తే నడిచే బస్సులోంచి కూడా చదువుకోవచ్చు. ఈ తేడా ఎందుకు వస్తుందో చెప్పగలిగినవాళ్లే డిజైనర్లు.

డిజైన్ వైపు వెళ్లాలనుకునే మన పిల్లలు ముందుగా అడిగేది ‘ఫొటోషాప్ నేర్చుకోవాలా, కోరల్‌డ్రా నేర్చుకోవాలా’ అని. ఆ రెండూ తర్వాత నేర్చుకోవచ్చు. ముందు పుస్తకాల దుకాణానికి వెళ్లి ఆరు పోస్టర్ కలర్ సీసాలు తెచ్చుకోండి: పసుపు, నీలం, తెలుపు, నలుపు, ఎరుపులో రెండు. రెండు ఎరుపులు ఎందుకంటే, బడిలో నేర్పిన ‘ఎరుపూ నీలమూ కలిస్తే ఊదా’ అన్న పాఠం ఇక్కడే తప్పుతుంది. స్కార్లెట్ ఎరుపును నీలంలో కలిపితే ఊదా రాదు, బురద రంగు వస్తుంది. స్కార్లెట్‌లో అప్పటికే కొంత పసుపు ఛాయ ఉంటుంది, అంటే మూడు మూల రంగులూ ఒకచోట కలిసి ఒకదాన్నొకటి చంపేస్తాయి. క్రిమ్సన్ ఎరుపుతో కలిపి చూడండి, ఊదా వస్తుంది. ఈ ఒక్క ప్రయోగం చేతులారా చేసినవాళ్లు రంగును పేరుతో కాక గుణంతో చూడటం మొదలుపెడతారు.

మొదటి ఆర్ట్ క్లాసులో చేయించే పనులు చిన్నపిల్లల ఆటలా కనిపిస్తాయి. పన్నెండు గడుల రంగుల చక్రం. తెలుపు నుంచి నలుపు దాకా తొమ్మిది మెట్లు. ఒకే నీలానికి తెలుపు చేరుస్తూ పది ఛాయలు. చాలామంది ఇక్కడే విసుగుపడి మానేస్తారు. మానకండి. తొమ్మిది మెట్ల బూడిద రంగు పట్టీని మెట్టుకూ మెట్టుకూ సమానమైన తేడాతో వేయగలగడానికి వారం పట్టినా పట్టనివ్వండి. ముదురు, లేత తేడా కంటికి పట్టుబడితే డిజైన్‌లో సగం పని అయినట్టే. మీరు వేసిన పోస్టర్‌ను ఫోన్‌లో ఫొటో తీసి, నలుపు తెలుపులోకి మార్చి చూడండి. అందులో అక్షరాలు స్పష్టంగా కనిపించకపోతే రంగుల్లో ఉన్నప్పుడు కూడా అవి సరిగా కనిపించవు. ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియనివాళ్లు మగపిల్లల్లో కొందరుంటారు. వాళ్లు ‘నాకిది రాదు’ అనుకుని వెనక్కి తగ్గక్కర్లేదు. ముదురు, లేత వాళ్లకూ కనిపిస్తాయి.

రంగు ఒంటరిగా ఉండదన్న సంగతిని లోకానికి గట్టిగా చెప్పింది బట్టల పనిలో ఉన్న ఒక రసాయన శాస్త్రవేత్త. పారిస్‌లోని గోబెలిన్ నేతశాలలో అద్దకం విభాగానికి మిషెల్ షెవ్రుల్ అధిపతిగా ఉండేవాడు. నల్ల దారం వెలవెలబోతోందని ఆయనకు ఫిర్యాదులొచ్చాయి. పరీక్షిస్తే అద్దకంలో లోపం లేదు. నీలం, ఊదా దారాల పక్కన పెట్టడంవల్ల నలుపు నీరసంగా కనిపిస్తోంది, అంతే. పక్కపక్కనున్న రంగులు ఒకదాన్నొకటి ఎలా మార్చేస్తాయో వివరిస్తూ ఆయన 1839లో పుస్తకం రాశాడు.

దీన్ని అర్థం చేసుకోవడానికి మనం పారిస్ దాకా వెళ్లనక్కర్లేదు, గద్వాల చాలు. గద్వాల చీర ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. ఒంటి పేకనూ అంచు పేకనూ వరస వరసకూ పెనవేసుకుంటూ నేసే ఆ పనిని కుప్పడం అంటారు. అలా నేయడంవల్లే ఒళ్లు ఒక రంగు, అంచు పూర్తిగా వేరే రంగు పెట్టగలుగుతారు. లేత రంగు ఒంటికి ముదురు మెరూన్ అంచు చేరిస్తే ఆ లేత రంగే మరింత వెలుగుతుంది. పడుగు ఒక రంగు, పేక మరో రంగు వేసినచోట చీర కదిలినప్పుడల్లా రంగు మారినట్టుంటుంది. ఈసారి గద్వాల వెళ్తే చీర కొనకపోయినా, మగ్గం పక్కన కూర్చుని ఏ రంగు పక్కన ఏ రంగు పెట్టారో నోటుపుస్తకంలో రాసుకు రండి. అంతకంటే మంచి పాఠం ఏ తరగతిలోనూ దొరకదని నా నమ్మకం.

కంప్యూటర్ దగ్గరికి వచ్చాక ఇంకో చిక్కు. తెర మీది రంగు వెలుగు, ఫ్లెక్సీ మీది రంగు సిరా. తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతులతో పనిచేస్తే, ప్రింటరు సయాన్, మెజెంటా, పసుపు, నలుపు సిరాలతో పనిచేస్తుంది. తెర మీద మెరిసిపోయే చిలకపచ్చ ప్రింటులో మసకబారేది అందుకే. కస్టమరుకు ఈ విషయం ముందే చెప్పగలిగిన కుర్రాడిని ఏ ప్రింటింగ్ ప్రెస్సూ వదులుకోదు.

ఇక చదువు సంగతి. ఇంటర్ ఏ గ్రూపువాళ్లయినా డిజైన్ కోర్సులకు వెళ్లవచ్చు. ఐఐటీ హైదరాబాద్‌లో బ్యాచిలర్ ఆఫ్ డిజైన్‌కు యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. మాదాపూర్‌లోని ఫ్యాషన్ విద్యాసంస్థ నిఫ్ట్‌కూ, ఆంధ్రప్రదేశ్‌లోని డిజైన్ విద్యాసంస్థ ఎన్‌ఐడీకీ వేర్వేరు పరీక్షలున్నాయి. మాసబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో నాలుగేళ్ల బీఎఫ్ఏ ఉంది: అప్లయిడ్ ఆర్ట్, పెయింటింగ్, శిల్పం, యానిమేషన్ వంటివి. దానికీ ప్రత్యేక ప్రవేశ పరీక్ష ఉంటుంది. నిఫ్ట్ ఫీజు ఎక్కువ, ఆ లెక్క ఇంట్లో ముందే మాట్లాడుకోండి. యూసీడ్ ప్రశ్నపత్రం ఇంగ్లిష్‌లోనే వస్తుంది, నిఫ్ట్ ఇంగ్లిష్, హిందీల్లో. తెలుగు మీడియంవాళ్లు రంగులకూ ఆకారాలకూ సంబంధించిన మాటలు ఇప్పటినుంచే ఇంగ్లిష్‌లో నేర్చుకోవడం మంచిది. డ్రాయింగ్ టీచరు కావాలనుకునేవాళ్లకు ప్రభుత్వ పరీక్షల విభాగం జరిపే లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలున్నాయి.

పల్లె నుంచి వచ్చామన్న జంకు ఎవరికీ అక్కర్లేదు. కరీంనగర్ వైపు బూరుగుపల్లిలో పుట్టిన చిత్రకారుడు తోట వైకుంఠం హైదరాబాద్ ఆర్ట్ కాలేజీలో చదివారు. ఆయన బొమ్మల్లోని ఎరుపూ పసుపూ మన ఊళ్ల ఆడవాళ్ల కుంకుమ, పసుపు, చీరలే.

యూసీడ్, ఎన్‌ఐడీ, నిఫ్ట్ దరఖాస్తులు మామూలుగా ఇంటర్ రెండో ఏడాది మధ్యలోనే, అక్టోబరు, డిసెంబరు మధ్య పిలుస్తారు. ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్ నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగితే ఆ ఏడాది పోయినట్టే. కాబట్టి దసరా సెలవులు పూర్తయ్యేలోగా మీ రంగుల చక్రం, తొమ్మిది మెట్ల పట్టీ వేసి గోడకు అతికించండి.