నోట్సు యాప్ హ్యాంగ్ అయితే ఏం చేయాలి?

ప్రియమైన తమ్ముళ్ళూ,

మేము ఈ వసతిగృహంలో చదివిన రోజుల్లో నోట్సు అంటే లాంగ్ నోట్‌బుక్కే. దాన్ని ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేసుకుంటే భద్రంగా ఉండేది. ఇప్పుడు పోటీ పరీక్షలకు తయారవుతున్న మీలో చాలామంది సెల్‌ఫోన్‌లోనే నోట్సు రాసుకుంటున్నారు. మంచిదే. కానీ ఆ పెట్టె మొరాయిస్తే ఎలా తెరవాలో మనకు ఎవరూ నేర్పరు. తెలియక నేను పోగొట్టుకున్నది మీరు పోగొట్టుకోకూడదని ఈ వ్యాసం రాస్తున్నాను.

నా అనుభవం

2019లో నేను పోటీ పరీక్షలకు చదువుతూ, ఒక పాత ఆండ్రాయిడ్ ఫోన్‌లో నాలుగు నెలల పాటు భారత ఆర్థిక వ్యవస్థ నోట్సు రాసుకున్నాను. ఒక రాత్రి యాప్ తెరిస్తే తెల్లటి తెర తప్ప ఏమీ రాలేదు. పక్క గది మిత్రుడు "సెట్టింగ్స్‌లోకి పోయి అన్నీ క్లియర్ కొట్టరా, బాగవుతుంది" అన్నాడు. కొట్టాను. యాప్ చక్కగా తెరుచుకుంది, కానీ లోపల ఒక్క అక్షరం లేదు. తిరిగి రాయడానికి నెలన్నర పట్టింది. అప్పటికి పరీక్షకు ఉన్నది రెండు నెలలే. మిత్రుడిని తప్పు పట్టలేను. రెండు బటన్ల మధ్య తేడా మా ఇద్దరికీ తెలియదు, అంతే.

యాప్ ఎందుకు ఆగిపోతుంది?

ఫోన్‌లో ర్యామ్ మన స్టడీ టేబుల్ లాంటిది, స్టోరేజి ట్రంకు పెట్టె లాంటిది. టేబుల్ మీద పది పుస్తకాలు పరిస్తే రాయడానికి చోటుండదు. పెట్టె నిండిపోతే కొత్త కాగితం పట్టదు. ఈ రెండింటిలో ఏది జరిగినా యాప్ నెమ్మదిస్తుంది. ఒకే నోటులో వంద పేజీల ఫొటోలు అతికించినా, నెట్ సరిగా లేక సింక్ సగంలో ఆగినా, యాప్ పాతబడినా ఇదే బాధ. ఒక్కోసారి తప్పు ఆ యాప్‌ది కూడా కాదు. 2021 మార్చిలో ఆండ్రాయిడ్ ఫోన్లలోని వెబ్‌వ్యూ అనే భాగంలో లోపం వచ్చి ఎన్నో యాప్‌లు తెరిచిన వెంటనే మూసుకుపోయాయి. వెబ్‌వ్యూను, క్రోమ్‌ను అప్‌డేట్ చేశాక సర్దుకున్నాయి. ఆ రోజు యాప్‌లు తీసేసి మళ్ళీ వేసుకున్న వారికి దక్కింది శ్రమ మాత్రమే.

వరుసగా చేయవలసిన పనులు

1. తొందరపడకండి. యాప్ సుమారు 5 సెకన్ల పాటు మన తాకిడికి బదులివ్వకపోతే "స్పందించడం లేదు" అనే హెచ్చరిక వస్తుంది. ముందు "వెయిట్" నొక్కి ఒకటి రెండు నిమిషాలు ఆగండి. పెద్ద నోటు తెరుచుకోవడానికి ఆ మాత్రం సమయం పట్టవచ్చు.

2. తెర మీద మీరు అప్పుడే రాసినది కనిపిస్తుంటే పవర్, వాల్యూమ్ తగ్గించే బటన్లు కలిపి నొక్కి స్క్రీన్‌షాట్ తీయండి. రాకపోతే పక్కవాడి ఫోన్‌తో ఫొటో తీయించండి. సేవ్ కాని భాగం అలాగైనా దక్కుతుంది.

3. సెట్టింగ్స్‌లో యాప్స్ తెరిచి, ఆ యాప్ పేరు నొక్కి, "ఫోర్స్ స్టాప్" చేయండి. సేవ్ అయిన నోట్సు దీనివల్ల పోదు. సరిపోకపోతే ఫోన్ ఆపి మళ్ళీ ఆన్ చేయండి. చాలాసార్లు కథ ఇక్కడే ముగుస్తుంది.

4. ఏరోప్లేన్ మోడ్ పెట్టి యాప్ తెరిచి చూడండి. నెట్ లేనప్పుడు తెరుచుకుంటే తగాదా సింక్‌తోనే అని అర్థం. వెంటనే ముఖ్యమైన నోట్సు కాపీ చేసి వేరే చోట భద్రపరచండి. ఆ తరువాతే నెట్ ఆన్ చేయండి.

5. స్టోరేజి చూడండి. దాదాపు నిండి ఉంటే వాట్సాప్ వీడియోలు, పనికిరాని డౌన్‌లోడ్లు తీసివేయండి. నోట్సు యాప్ జోలికి పోవద్దు.

6. "క్లియర్ క్యాష్" చేయండి. క్యాష్ అంటే ఇక్కడ డబ్బు కాదు. యాప్ తన సౌకర్యం కోసం దాచుకున్న రఫ్ కాగితాలు. వాటిని పారేస్తే సాధారణంగా నష్టం లేదు.

7. ప్లే స్టోర్‌లో ఆ యాప్‌నూ, ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూనూ అప్‌డేట్ చేయండి.

ఈ బటన్ దగ్గర ఆగండి

క్లియర్ క్యాష్ పక్కనే "క్లియర్ స్టోరేజి" ఉంటుంది. కొన్ని ఫోన్లలో దాని పేరు "క్లియర్ డేటా". నేను నొక్కింది అదే. అది రఫ్ కాగితాలతో పాటు అసలు నోట్‌బుక్కును కూడా చింపేస్తుంది. అన్‌ఇన్‌స్టాల్ చేసినా అంతే. ఈ రెంటిలో ఏది చేసే ముందైనా వేరే ఫోన్‌లోనో, కంప్యూటర్‌లోనో మీ అకౌంటుతో లాగిన్ అయి నోట్సు అక్కడ ఉందో లేదో కళ్ళారా చూడండి. గూగుల్ కీప్, వన్‌నోట్ వంటివాటిని బ్రౌజర్‌లో కూడా తెరవవచ్చు.

ఇంకొక మాట. అకౌంటు ఉన్నంత మాత్రాన నోట్సు భద్రం అనుకోకండి. డేటా బ్యాలెన్సు లేని రోజుల్లో రాసినది మీ ఫోన్‌లోనే ఉంటుంది. నెట్ వచ్చి సింక్ పూర్తయ్యాకే దాని ప్రతి అవతలికి చేరుతుంది. అందుకని మొదటి పేజీని కాదు, చివరగా రాసిన పేజీని వెతికి చూడండి.

ముందు జాగ్రత్తలు

సబ్జెక్టు మొత్తం ఒకే నోటులో రాయకండి. "పంచవర్ష ప్రణాళికలు", "బ్యాంకింగ్", "పన్నులు" అంటూ విడివిడిగా రాస్తే యాప్‌కూ తేలిక, మీకు వెతకడమూ తేలిక. వారానికి ఒకసారి, ఆదివారం బట్టలు ఉతుక్కునే పూటే, నోట్సును పీడీఎఫ్‌గా మార్చి మీ ఈమెయిల్‌కు మీరే పంపుకోండి. పాస్‌వర్డు డైరీలో రాసుకోండి. మరిచిపోతే భద్రంగా ఉన్న నోట్సు కూడా మీది కాకుండా పోతుంది. సూత్రాలు, తేదీలు మాత్రం చేత్తో కాగితం మీద కూడా రాయండి. చేత్తో రాసినది పరీక్ష హాలులో త్వరగా గుర్తుకొస్తుంది.

తోటి పూర్వ విద్యార్థులకు ఒక విన్నపం. మన పిల్లలకు పాత ఫోన్ ఇచ్చేటప్పుడు మీ అకౌంట్లు తీసివేసి, ఫ్యాక్టరీ రీసెట్ చేసి ఇవ్వండి. అది తీసుకున్న తమ్ముడి దగ్గర పావుగంట కూర్చొని, అతని అకౌంటుతో సింక్ ఆన్ చేయించి, ఈ రెండు బటన్ల తేడా చూపించండి. 2019లో నాకు ఆ పావుగంట ఎవరైనా ఇచ్చి ఉంటే నెలన్నర మిగిలేది.

వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
మీ పూర్వ విద్యార్థి