పాత బండి ఒక్కటి పట్టండి... పూర్తి చేసి చూపండి

మొదలుపెట్టిన పనిని చివరిదాకా తీసుకుపోలేకపోవడం ఇవాళ చాలామంది యువకుల్ని వెనక్కి లాగుతున్న లోపం. కోచింగ్‌లో చేరతారు, సిలబస్ సగంలో ఉండగానే మానేస్తారు. జిమ్‌కు ఏడాది డబ్బు కడతారు, రెండో నెలకే మొహం చాటేస్తారు. తెలివి తక్కువై కాదు, పూర్తి చేసే అలవాటు లేక. ఈ అలవాటు ఉపన్యాసాలతో రాదు. చేతులకు గ్రీజు అంటితే వస్తుంది. అందుకే నా సలహా ఇది: పాత బండి ఒకటి తీసుకోండి. మీ చేతులతో బాగు చేసి రోడ్డెక్కించండి.

కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల, నిర్మల్, ఆదిలాబాద్... ఏ పట్టణంలో గల్లీలు తిరిగినా ఇలాంటి బండ్లు కనపడతాయి. రేకుల కింద దుమ్ము పట్టిన అంబాసిడర్, టైర్లలో గాలి దిగిన మారుతి 800, ఏజెన్సీ ఊళ్లకు జనాన్ని మోసి మోసి మూలకు చేరిన మహీంద్రా జీపు. నంబర్ ప్లేటు మీద ఇంకా ఆ పాత ఏపీ 15, ఏపీ 01 అంకెలే. వీటిలో చాలావరకు తుక్కు కింద కిలోల లెక్కన పోయేవే. అందులో ఒక్కటి మీ చేతిలో పడితే బండీ బతుకుతుంది, మీరూ ఎదుగుతారు.

విప్పాడు, బిగించాడు, ఎదిగాడు

జి.డి.నాయుడు పేరు వినే ఉంటారు. కోయంబత్తూరు దగ్గరి కలంగల్ గ్రామంలో 1893లో తెలుగు కుటుంబంలో పుట్టారు. బడి చదువు ఆయనకు అబ్బలేదు. ఒక ఆంగ్లేయ అధికారి నడుపుతున్న రడ్జ్ మోటార్‌సైకిల్ ఆయన కంటపడింది. దాన్ని కొనాలని పట్టుదల పుట్టింది. ఊరు వదిలి కోయంబత్తూరు వెళ్లి, హోటల్లో పనికి కుదిరి, పైసా పైసా కూడబెట్టి ఆ బండి కొన్నారు. కొన్నాక ఊరేగలేదు. భాగాలన్నీ విప్పారు, మళ్లీ బిగించారు. యంత్రం లోపల ఏం జరుగుతుందో అలా తెలుసుకున్నారు.

ఆ తర్వాత 1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఒక్క బస్సుతో సర్వీసు మొదలుపెట్టి పెద్ద రవాణా సంస్థగా పెంచారు. 1937లో దేశీయంగా విద్యుత్ మోటారు తయారీకి తోడ్పడ్డారు. ‘భారతదేశపు ఎడిసన్’ అని పేరు తెచ్చుకున్నారు. ఆయనకు బడి ఇవ్వలేనిది ఒక పాత మోటార్‌సైకిల్ ఇచ్చింది.

మన హైదరాబాద్‌లోనే మరో ఉదాహరణ ఉంది. కె.సుధాకర్ విద్యార్థి దశ నుంచే తుక్కు దుకాణాల్లో దొరికిన భాగాలతో బండ్లు తయారు చేయడం మొదలుపెట్టారు. 2005లో 41 అడుగుల పైచిలుకు ఎత్తున్న మూడు చక్రాల సైకిల్‌తో గిన్నిస్ రికార్డు సాధించారు. 2010లో జూపార్కు దగ్గర బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియం తెరిచారు. పుస్తకం, బూటు, క్రికెట్ బ్యాటు ఆకారాల్లో అక్కడున్న కార్లు నిజంగా నడుస్తాయి. మీ పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి.

మొదటి బండి చిన్నదే మేలు

మొదటిసారే జీపు మీద మోజు పడకండి. మారుతి 800తో మొదలుపెట్టండి. 1983 డిసెంబర్‌లో మార్కెట్లోకి వచ్చి 2014 దాకా తయారైన కారు అది. 796 సీసీ ఇంజిన్, మూడే సిలిండర్లు. లోపల చేయి పెట్టడానికి చోటుంటుంది. కరీంనగర్‌లోనే కాదు, మండల కేంద్రాల్లోనూ దాన్ని విప్పి బిగించిన మెకానిక్‌లు ఉన్నారు. సామాను దొరుకుతుంది.

అంబాసిడర్ 1950ల చివర నుంచి 2014 దాకా ఉత్తరపారాలో తయారైంది. నిర్మాణం సరళం, కానీ బాడీ పని ఎక్కువ. ప్రీమియర్ పద్మిని అందమైన బండే, కాకపోతే సామాను కోసం ఊళ్లు తిరగాలి. కారుకు స్తోమత లేకపోతే స్కూటరో, ఆర్‌ఎక్స్ 100 లాంటి బైకో తీసుకోండి. నేర్చుకునే గుణం ఒకటే.

కాగితాలు చూశాకే బేరం

ఇంజిన్ కన్నా ముందు ఆర్సీ చూడండి. ఎం-పరివాహన్ యాప్‌లో నంబర్ కొడితే రిజిస్ట్రేషన్ ఎప్పటిదాకా ఉందో, ఫైనాన్స్ బాకీ ఉందో తెలుస్తుంది. పెండింగ్ చలాన్లు చూడండి. ఛాసిస్ నంబర్, ఇంజిన్ నంబర్ ఆర్సీతో కలుస్తున్నాయో లేదో టార్చి వేసి, గుడ్డతో తుడిచి, ఒక్కో అంకె చదవండి. యజమాని చనిపోయి ఉంటే వారసుల సంతకాలు తేలాకే డబ్బు ఇవ్వండి.

సొంత కారు రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు. ఆ తర్వాత ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. 15 ఏళ్లు దాటిన కారుకు ఈ రుసుము 5,000 రూపాయలు. 20 ఏళ్లు దాటితే 2025 ఆగస్టు నుంచి 10,000 చేశారు. గ్రీన్ ట్యాక్స్ అదనం. కొనే ముందే తిమ్మాపూర్‌లోనో, మీ జిల్లాలోనో ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లి మొత్తం ఎంతవుతుందో అడగండి. 50 ఏళ్లు దాటిన బండికి 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. దానికి 20,000 కట్టాలి, బండి అసలు రూపంలో ఉండాలి, రోజువారీగా తిప్పకూడదు. బాడీ, ఛాసిస్ నిర్మాణాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చడానికి చట్టం ఒప్పుకోదని సుప్రీంకోర్టు 2019లో స్పష్టం చేసింది. కోసి అతికించే ఆలోచన మానుకోండి.

ఈ ఓపిక మీకు బండి దగ్గరే ఆగిపోదు. రేపు ప్లాటు కొన్నా, ఉద్యోగ ఒప్పందం మీద సంతకం పెట్టినా ముందు చదివే అలవాటు ఇక్కడే మొదలవుతుంది.

చూసే కన్ను సంపాదించండి

మెరిసే రంగు చూసి మోసపోవద్దు. కిందున్న కార్పెట్ ఎత్తి ఫ్లోరు చూడండి. బ్యాటరీ పెట్టే చోట, తలుపుల అడుగున, షాకబ్జార్బర్ బిగించే చోట తుప్పు ఉందేమో వేలితో నొక్కండి. చిన్న అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి బాడీ మీద జరపండి. రేకు ఉన్నచోట అంటుకుంటుంది, లప్పం మందంగా పూసినచోట జారిపోతుంది. ఎక్కడ గుద్దుకుందో, ఎక్కడ కప్పిపెట్టారో ఆ ముక్కే చెప్పేస్తుంది.

ఆయిల్ మూత తీయండి. లోపల మజ్జిగలా తెల్లటి నురగ ఉంటే ఆయిల్లోకి నీళ్లు చేరుతున్నట్టు. హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానపడాల్సిందే. సైలెన్సర్ నుంచి నీలిపొగ వస్తే ఆయిల్ కాలుతోంది. టైరు పక్కన చివరి నాలుగు అంకెలు చదవండి. 2219 అని ఉంటే 2019లో 22వ వారం తయారైందని అర్థం. గాట్లు ఎంత లోతుగా ఉన్నా అంత పాత రబ్బరును నమ్మొద్దు.

మనుషుల్నీ, పనుల్నీ పైపూతతో అంచనా వేయకుండా అడుగు దాకా చూడగలగడం గొప్ప గుణం. దాన్ని సాధన చేయడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు.

మార్చే ముందు కారణం పట్టండి

బండి స్టార్ట్ కాలేదు. కంగారులో ప్లగ్గు మార్చి, కాయిల్ మార్చి, కార్బొరేటర్ మార్చి పైసలు తగలేసేవాళ్లు చాలామంది. ఆగండి. ఇంజిన్‌కు కావాల్సింది మూడే: పెట్రోలు, గాలి, నిప్పురవ్వ. అందులో ఏది అందట్లేదో తేల్చండి. ప్లగ్గు విప్పి చూడండి. తడిగా ఉంటే పెట్రోలు వస్తోంది, రవ్వ లేదు. పొడిగా ఉంటే పెట్రోలే అందడం లేదు. పాత అంబాసిడర్‌లో అయితే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి పాయింట్లు చూడండి. ఆ సందు దాదాపు 0.4 మిల్లీమీటర్లు ఉండాలి. నల్లగా మాడి ఉంటే సన్నటి ఎమరీ కాగితంతో శుభ్రం చేసి, ఫీలర్ గేజ్‌తో సందు సరిచేస్తే చాలు. చాలాసార్లు ఒక్క రూపాయి సామాను కొనకుండానే ఇంజిన్ అందుకుంటుంది.

ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత బండ్ల రబ్బరు పైపులు, గ్యాస్కెట్లు దానికి తట్టుకునేలా చేసినవి కావు. ముందుగా ఫ్యూయల్ పైపులు మార్పించండి. బండి నెలల తరబడి నిలిపితే ట్యాంకులో పెట్రోలు ఉంచొద్దు.

ఒక్కో కారణాన్ని తోసిపుచ్చుకుంటూ పోయే ఈ పద్ధతి పరీక్షలో తప్పిన విద్యార్థికీ పనికొస్తుంది, నష్టపోయిన వ్యాపారికీ పనికొస్తుంది. నిందించేవాడు అక్కడే ఉండిపోతాడు. కారణం పట్టినవాడు ముందుకు పోతాడు.

ఉస్తాద్ దగ్గర వినయం

ఫోన్లో వీడియోలు చూడండి, తప్పులేదు. కానీ షెడ్డులో ఉస్తాద్ పక్కన నిలబడితేనే అసలు విద్య. పానా ఎంత బిగిస్తే చాలో, ఎక్కడ ఆపకపోతే బోల్టు మర పోతుందో ఆయన చేతికి తెలుసు. సింగరేణి గనుల్లో యంత్రాలతో పనిచేసి రిటైరైన పెద్దలు గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లిలో ఎంతమందో ఉన్నారు. ‘‘కాకా, జర నేర్పుండ్రి’’ అని అడగండి. ‘‘రా బిడ్డా, గా జాకు పట్టుకరా’’ అంటారు, కాదనరు. ఇంజినీరింగ్ పట్టా ఉందని బెట్టు చేసే కుర్రాడికి ఈ విద్య రాదు.

ఆయన చెప్పే జాగ్రత్తలు కూడా తు.చ. తప్పకుండా పాటించండి. ఉత్త జాక్ మీద నిలిపిన కారు కిందికి దూరవద్దు, స్టాండ్లు పెట్టండి. వైరింగ్ ముట్టుకునే ముందు బ్యాటరీ మైనస్ తీగ విప్పండి. పెట్రోలు దగ్గర బీడీ, సిగరెట్ కాల్చేవాళ్లను నిలబడనీయొద్దు.

పైసలకు హద్దు, పనికి వరుస

కొన్న ధర ఒక్కటే ఖర్చు కాదు. బాగుచేయడానికి అంతకు మించి కావచ్చు. ముందే ఒక నోటుబుక్కు పెట్టి ప్రతి ఖర్చూ రాయండి. అప్పు చేసి ఈ హాబీ పెట్టుకోవద్దు. ఇంట్లోవాళ్లకు లెక్క చూపించండి.

పనిలో వరుస తప్పొద్దు. ముందు బ్రేకులు, స్టీరింగ్, టైర్లు. తర్వాత ఇంజిన్, రేడియేటర్. ఆదిలాబాద్ చలికి బ్యాటరీ, రామగుండం ఎండకు రేడియేటర్ పరీక్షకు నిలుస్తాయి, వాటిని తేలిగ్గా తీసుకోవద్దు. తర్వాత వైరింగ్. పెయింటింగ్, సీట్ కవర్లు అన్నిటికన్నా చివర. సౌండ్ సిస్టమ్‌తో మొదలుపెట్టినవాడి బండి షెడ్డు దాటదు. విప్పే ప్రతి భాగానికీ ముందు ఫొటో తీయండి. బోల్టుల్ని వేరు వేరు కవర్లలో వేసి పేరు రాయండి. ఒక వారం ఒక పని. అది ముగిశాకే రెండోది.

ఆఖరి మెట్టు దాకా

అసలు పరీక్ష చివర్లోనే ఉంటుంది. ఇంజిన్ నడిచాక చాలామంది ఆగిపోతారు. రంగు పని ఓపికను పిండేస్తుంది. ప్రైమర్, లప్పం, తడి కాగితంతో రుద్దడం, మళ్లీ ప్రైమర్, మళ్లీ రుద్దడం. అరచేతికి గరుకు తగలనంత వరకు ఆగకూడదు. నిర్మల్ చిత్రకారుల్ని చూడండి. వాళ్లు చెక్క మీద వాడే డ్యూకో రంగులు అమెరికాలో 1920లలో కార్ల కోసం పుట్టినవే. చెక్కను నునుపు చేయకుండా వాళ్లు కుంచె పట్టరు. ఆ క్రమశిక్షణ మన జిల్లాల్లోనే, కళ్లముందే ఉంది. నేర్చుకోవడానికి దూరం పోనక్కరలేదు.

తల్లిదండ్రులకూ ఒక మాట. కొడుకో కూతురో పాత బండి ముందు కూర్చుని చేతులు నల్లగా చేసుకుంటే తిట్టకండి. చదువుకు ఇవ్వాల్సిన సమయం చదువుకిచ్చి, ఆదివారాలు దీనికిస్తే అది దుబారా కాదు. అమ్మాయిలకు పానా పట్టనివ్వండి, యంత్రానికి ఆడామగా తేడా తెలియదు.

మీ ఇంట్లోనో, మేనమామ ఇంట్లోనో కదలని బండి ఒకటి ఉండే ఉంటుంది. ఈ ఆదివారం వెళ్లి చూడండి. ఆర్సీ అడగండి, బానెట్ ఎత్తండి, నోటుబుక్కులో మొదటి పేజీ రాయండి. ఇంకో బండి మీద మనసు పోయినా సరే, మొదటిది తిమ్మాపూర్‌లోనో మీ జిల్లా కేంద్రంలోనో ఫిట్‌నెస్ పరీక్షకు నిలబడేదాకా రెండోది కొనొద్దు. ఒక్క పని పూర్తిచేసి చూపినవాడి మాటకు ఇంట్లోనూ ఊళ్లోనూ విలువుంటుంది. ఆ విలువ సంపాదించుకోండి.